కాటానియాలో కాటా

ముప్ఫైనాలుగేళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మిరపకాయల యార్డులోనూ, బియ్యం కొట్లలోనూ "కాటా ఇన్‌స్పెక్టరుగారు" అంటే తప్ప నా అసలు పేరు ఎవరికీ తెలియదు. అటువంటి నాకు మా రెండో అమ్మాయి ఫోను చేసి, "నాన్నగారూ, నాకు కాటానియాలో పని దొరికింది" అంటే నవ్వు రాక ఏం వస్తుంది? "మన వంశానికి కాటా వదిలేటట్టు లేదే అమ్మాయ్" అన్నాను.

నవ్వయితే నవ్వాను గాని, పిల్ల వెళ్ళి రెండేళ్ళు దాటేసరికి ఇంట్లో ఆ నవ్వు నిలవలేదు. పండక్కి రాలేదు. అక్క కూతురి బారసాలకి రాలేదు. ఎప్పుడు అడిగినా "కొలతలు జరుగుతున్నాయమ్మా" అంటుంది. "ఏం కొలతలండీ అవి, రెండేళ్ళుగా తెమలనివి? మీరు రోజుకి నలభై కాటాలు చూసి సాయంత్రానికి ఇంటికొచ్చేవారు గదా!" అని మా ఆవిడ నన్ను నిలదీసింది. ఆఖరికి 2017 జూన్‌లో నన్ను విమానం ఎక్కించింది. పెట్టెలో కొత్తావకాయ, మాగాయ, కందిపొడి. వాటితో పాటు ఒక బాధ్యత: పిల్లని మళ్ళీ మన దేశం తీసుకురావాలి.

హైదరాబాదు నుంచి గల్ఫు, అక్కడి నుంచి రోము, రోము నుంచి గంటకు పైగా ప్రయాణం చేస్తే సిసిలీ ద్వీపం. ఇటలీ దేశం బూటు ఆకారంలో ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం గదా. ఆ బూటు కాలితో తన్నబోతున్న బంతిలా ఉంటుంది సిసిలీ. దాని తూర్పు ఒడ్డున కాటానియా. విమానం దిగుతూ ఉండగా కిటికీలోంచి ఒక పెద్ద కొండ, కొండ కొసన సన్నటి పొగ కనబడ్డాయి. ఎవరో పొద్దున్నే పొయ్యి రాజేసినట్టు ఉంది. అదే ఎట్నా అగ్నిపర్వతం. ఎత్తు మూడువేల మూడువందల మీటర్ల పైమాటే. ఊరివాళ్ళు దాన్ని పేరుపెట్టి పిలవరట. పెద్దముత్తయిదువ గురించి చెప్పినట్టు "ఆ కొండ" అని ఊరుకుంటారుట.

అలా అనడానికి కారణం లేకపోలేదు. 1669 లో ఆ కొండ పక్కన నేల చీలి లావా ప్రవాహం ఊరిదాకా వచ్చింది. సముద్రపు ఒడ్డున కట్టిన ఉర్సినో కోట చుట్టూ లావా పేరుకుపోయి, సముద్రమే దూరం జరిగింది. ఇప్పుడు ఆ కోట ఊరి నడిబొడ్డున ఉంటే, ఒకనాడు దాని గోడలను అలలు తాకేవంటే నమ్మబుద్ధి కాదు. తరువాత ఇరవైనాలుగేళ్ళకే, 1693 లో, పెద్ద భూకంపం. ఊరు నేలమట్టం. మళ్ళీ కట్టుకున్నారు, దేంతో అనుకున్నారు? తమను ముంచిన ఆ లావా రాతితోనే! వీధుల్లో పరిచిన పలకలు నలుపు, గోడలు నలుపు, మధ్య మధ్య తెల్ల సున్నపురాయి అంచులు. నల్లచీరకి తెల్ల జరీ పెట్టినట్టుంటుంది.

పెద్ద చర్చి ముందు చౌకులో మనకు చుట్టమొకాయన దర్శనమిస్తాడు. ఏనుగు! నల్లటి లావా రాతి ఏనుగు, వీపు మీద ఒక రాతి స్తంభాన్ని మోస్తూ నిలబడి ఉంటుంది. వక్కరీని అనే వాస్తుశిల్పి 1736 ప్రాంతంలో దాన్ని అలా నిలబెట్టాడు. ఆ ఏనుగు ఊరికి రక్ష అని వాళ్ళ నమ్మకం. పరదేశంలో దిగిన మొదటిరోజే ఏనుగుమొహం కనబడేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. ఎవరూ చూడకుండా రెండు గుంజీళ్ళు తీశానని చెబితే మా అమ్మాయి పగలబడి నవ్వింది.

ఆ చౌకు వెనకే చేపల బజారు. మేం శాకాహారులం, అయినా ముక్కుమీద రుమాలు వేసుకుని వెళ్ళాను. చేపల కోసం కాదు, కాటాల కోసం! వృత్తి ధర్మం ఎక్కడికి పోతుంది? నిలువెత్తు కత్తిచేపలు, బుట్టల్లో కదిలే నత్తలు, మన రైతుబజారును మించిన అరుపులు. అన్నీ ఎలక్ట్రానిక్ కాటాలే. ఒక్కొక్కదాని పక్కనా సరిచూసిన గుర్తుగా ఎం అనే అక్షరంతో చీటీ అంటించి ఉంది. నేను వంగి ఆ చీటీలు చదువుతుంటే ఒక బెస్తాయన నేను బేరానికి వచ్చాననుకుని చేపను కాటాలో వేసేశాడు. అది ఎలా తప్పించుకోవాలో తెలియక నిమ్మకాయలు కొనుక్కుని బయటపడ్డాను.

సాయంత్రం అమ్మాయి నన్ను ఎట్నా వీధి వెంట నడిపించింది. తిన్నగా కొండవైపు పోయే పొడుగాటి వీధి. ఒక ఇంటి ముందు ఆగి, "ఇక్కడే మయొరానా పుట్టాడు నాన్నగారూ" అంది. ఎట్టోరె మయొరానా, 1906 లో పుట్టిన భౌతికశాస్త్రవేత్త, మహా మేధావి. 1938 మార్చిలో, ముప్ఫై రెండేళ్ళు నిండకుండానే, పలెర్మోలో నేపుల్సు ఓడకి టిక్కెట్టు కొన్నాడు. తరువాత ఆయన ఏమయ్యాడో ఇంతవరకు తేలలేదు. నాకు ఆ శాస్త్రవేత్త కంటే, కబురు కోసం ఎదురుచూసిన తల్లి మనసులో మెదిలింది. మా ఆవిడ అప్పగించిన మాట ఎత్తబోయాను. అమ్మాయి ఇంతలో, "రేపు మా కాటా చూపిస్తాను, రండి" అంది.

ఊరికి ఉత్తరాన మిట్టమీద ఉంది ఆ పరిశోధనాలయం. ఇటలీ వారి జాతీయ కేంద్రక భౌతికశాస్త్ర సంస్థకు చెందిన దక్షిణ ప్రయోగశాల. అక్కడ ఒక సైక్లోట్రాను ఉంది. దాని నుంచి వచ్చే ప్రోటాన్లతో 2002 నుంచి కంటి క్యాన్సరు రోగులకు చికిత్స చేస్తున్నారని చెప్పింది అమ్మాయి. 62 మిలియన్ ఎలక్ట్రాను వోల్టుల శక్తి గల ప్రోటాను కంటిలో సుమారు మూడు సెంటీమీటర్లు ప్రయాణించి, ఆగే చోటనే తన శక్తిలో అత్యధిక భాగాన్ని విడుస్తుంది. గడ్డ ఉన్నచోట ఆగేటట్టు సరిచేస్తే గడ్డ కాలుతుంది, కన్ను మిగులుతుంది. కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే? ఆ మాట ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అయితే మా అమ్మాయి పని ఆ యంత్రం మీద కాదు. స్వీడను దేశంలో లుండ్ అనే ఊళ్ళో యూరపు దేశాలు కొన్ని కలసి ఒక పెద్ద యంత్రం కడుతున్నాయి. ఆరువందల మీటర్ల పొడవున ప్రోటాన్లను పరుగెత్తించి, టంగ్‌స్టను చక్రానికి కొట్టి, న్యూట్రాన్లు పుట్టిస్తారు. ఆ న్యూట్రాన్లతో లోహాల లోపలినీ, మందుల లోపలినీ చూస్తారు. అంత పెద్ద గంగకి గంగోత్రి ఈ కాటానియాలో తయారవుతోంది. ప్రోటాన్లు పుట్టే పెట్టె అన్నమాట.

యంత్రం ఆపి ఉన్న సమయంలో నాకు దాన్ని చూపించారు. నేనేదో ఇంటంత ఉంటుందనుకున్నాను. అసలు గది, ప్రోటాన్లు పుట్టే రాగి గది, మన కాఫీ డబ్బా అంత. పది సెంటీమీటర్ల పొడవు. దాని చుట్టూ అయస్కాంతాల చుట్లు, వెనక ఒక మాగ్నెట్రాను. "ఇది మన వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యిలో ఉండేదే నాన్నగారూ, అదే జాతి, అదే తరంగం. సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది" అంది. పొయ్యిలో ఆ తరంగం నీటిని వేడిచేస్తుంది. ఇక్కడ ఉదజని వాయువులోని ఎలక్ట్రాన్లను ఆడిస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాను గుండ్రంగా తిరుగుతుంది గదా. క్షేత్రం 87.5 మిల్లీటెస్లాలు ఉన్నచోట ఆ తిరుగుడు కూడా సెకనుకు సరిగ్గా అన్నే సార్లు. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడల్లా సమయం చూసి తోసినట్టు, తరంగం ఎలక్ట్రానును తోస్తూ పోతుంది. వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు ఉదజని పరమాణువులను కొట్టి చీలుస్తాయి. డబ్బా లోపల గులాబీ ఊదా కలిసిన వెలుగు. ఆ వెలుగులోంచి చిన్న రంధ్రం గుండా, 75 వేల వోల్టుల ఒత్తిడితో, ప్రోటాన్లను బయటికి లాగుతారు. అవి సెకనుకు సుమారు 3,800 కిలోమీటర్ల వేగంతో పోతాయి. కాశ్మీరం నుంచి కన్యాకుమారికి సెకను పట్టదు!

"బాగుంది. ఇంక నువ్వు కొలిచేదేమిటి?" అన్నాను.

కాగితం తీసుకుని కూర్చుంది. చిన్నప్పుడు లెక్కలు నేను చెప్పేవాణ్ణి; ఇప్పుడు ఆమె చెబుతోంది.

మొదటిది, ఎన్ని ప్రోటాన్లు వచ్చాయన్నది. పుంజానికి అడ్డంగా నీటితో చల్లార్చే లోహపు గిన్నె పెడతారు. ఫారడే గిన్నె అంటారు దాన్ని. అందులో పడిన ఆవేశాన్ని విద్యుత్తుగా లెక్కపెడతారు. ఇక్కడ కావలసినది 74 మిల్లీ ఆంపియర్లు. సెకనుకు 14 సార్లు, ఒక్కొక్కసారి మూడు మిల్లీ సెకన్ల కంటే తక్కువ సేపు. విన్నందుకు కొంచెమే గాని, ఆ క్షణంలో దాని శక్తి మన ఇళ్ళలో రెండుమూడు గీజర్లంత. ఇందులోనూ ఒక చిల్లర దొంగ ఉన్నాడు. ప్రోటాను తగలగానే గిన్నె లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఎగిరిపడతాయి. అవి బయటికి పోతే లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకని గిన్నె మూతి దగ్గర రుణవిద్యుత్తు కాపలా పెట్టి వాటిని వెనక్కి తరుముతారు. మా శాఖలో తక్కెడ పళ్ళెం అడుగున అంటించే చింతపండు ముద్ద గుర్తొచ్చింది నాకు.

రెండోది, కల్తీ. వచ్చినవన్నీ ప్రోటాన్లే కానక్కరలేదు. రెండు కేంద్రకాలు అంటుకున్నవీ, మూడు అంటుకున్నవీ కూడా వస్తాయి. బియ్యంలో నూకల వంటివి. ఒకే వోల్టేజితో లాగినా బరువైనవి నెమ్మదిగా పోతాయి. రైలు దగ్గరికి వచ్చేటప్పుడు కూత సన్నబడి, దాటిపోయేటప్పుడు బొంగురుపోతుంది చూడండి, పరుగెత్తే పరమాణువు వెలుగు రంగు కూడా అలాగే జరుగుతుంది. వేగాలు మూడు గనుక రంగులు మూడు చోట్ల పడతాయి. పుంజాన్ని ముట్టుకోకుండా, దాని వెలుగు చూసి, నూకలెంతో చెప్పేస్తారు!

మూడోది అన్నిటికంటే కష్టమైనది. దాన్ని ఎమిటెన్సు అంటారు. గుళ్ళోంచి జనం బయటికి వస్తున్నారనుకోండి. గుంపు ఎంత వెడల్పున్నది అనేది ఒక మాట. వాళ్ళు తిన్నగా నడుస్తున్నారా, తలొక దిక్కుకీ పోతున్నారా అనేది ఇంకొక మాట. ఈ రెండూ కలిస్తే ఎమిటెన్సు. అయస్కాంతపు కటకంతో పుంజాన్ని సన్నం చేయవచ్చు. కాని సన్నబడినకొద్దీ దిక్కుల తేడా పెరుగుతుంది. "బూరుగుదూది దిండు నాన్నగారూ, ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తుంది" అంది. పుట్టుకలో వచ్చిన ఎమిటెన్సును తరువాత పెంచడం సులభం, తగ్గించడం చాలా కష్టం. అందుకే పుట్టినచోటనే కొలవాలి. అడిగినది 0.25 మిల్లీమీటరు మిల్లీరేడియన్లు. మీటరు దూరం పోయేసరికి ఒక మిల్లీమీటరు పక్కకి తొలిగితే అది ఒక మిల్లీరేడియను.

కొలిచే సాధనానికి ఆలిసన్ స్కానరని పేరు. అమెరికాలో లాస్ ఆలమోస్ ప్రయోగశాలకు చెందిన పాల్ ఆలిసన్, ఆయన సహచరులు 1983 లో దీన్ని వర్ణించారు. ముందు వెంట్రుకవాసి చీలిక. దాన్ని దాటిన ప్రోటాన్లు రెండు పలకల నడుమ పోతాయి. పలకల మధ్య వోల్టేజి మారుస్తుంటే, ఒక్కొక్క వోల్టేజికి ఒక్కొక్క కోణంలో వచ్చిన ప్రోటాన్లే వంగి, చివరనున్న రెండో చీలికలో దూరగలవు. అక్కడ గిన్నె వాటిని లెక్కపెడుతుంది. తరువాత సాధనం మొత్తం ఒక్క అడుగు జరుగుతుంది. మళ్ళీ మొదటినుంచి. అలా పుంజం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. మా ఆవిడ అడిగిన ప్రశ్నకు సమాధానం నాకు అక్కడ దొరికింది. అయస్కాంతం కొంచెం మార్చినా, వాయువు కొంచెం మార్చినా, మొత్తం మళ్ళీ కొలవాలి.

ఆ రాత్రి నన్ను కంట్రోలు రూములో ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. తెరమీద బొమ్మ ఒక్కొక్క గీతగా పెరిగింది. అడ్డంగా చోటు, నిలువుగా కోణం. వాలుగా పడుకున్న దోసగింజలాంటి ఆకారం. నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా. రెండు కొసల్లో మాత్రం సన్నటి తోకలు వంకరతిరిగి ఉన్నాయి.

పదకొండు గంటలకి మిగిలినవాళ్ళు ఇళ్ళకు పోయారు. అమ్మాయి ఆ బొమ్మ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు.

"ఏమిటమ్మా సంగతి?"

"పుంజం లేనప్పుడు కూడా సాధనం ఏదో కొద్దిగా చూపిస్తూనే ఉంటుంది నాన్నగారూ. దాన్ని తీసెయ్యాలి. ఎక్కడ కొయ్యాలన్నదే తంటా. కొంచెం కోస్తే సంఖ్య పెద్దది. ఇంకొంచెం పైకి కోస్తే ఆ తోకలు కూడా పోయి సంఖ్య చిన్నదవుతుంది, అందంగా ఉంటుంది. రేపు పొద్దున సమావేశంలో ఒక సంఖ్య చెప్పాలి. ఇది తుది కొలత కాదు, సర్దుబాట్లలో ఒకటి. ఎక్కడ కోశానో ఎవరూ పట్టి చూడరు కూడా."

"తోకలు పోతే నష్టమేమిటి?"

"ఆ తోకలే రేపు లుండ్‌లో గొట్టం గోడలకి తగులుతాయి. ఆ యంత్రం పుంజాన్ని యాభై లక్షల వాట్లకి రూపొందించారు. దారిలో మీటరుకి ఒక్క వాటు మించి పోకూడదు. పోతే గోడలకి రేడియో ధార్మికత అంటుకుంటుంది. బాగుచెయ్యడానికి మనిషి దగ్గరికి పోలేడు."

నేను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఇరవై ఏళ్ళు దాటినా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆ పిల్లకి చెప్పాను.

"నీకు ఆరేళ్ళప్పుడు టైఫాయిడు వచ్చి ఆస్పత్రిలో ఉన్నావు, గుర్తుందా? ఆవేళ నేనొక పల్లెలో చౌకడిపో తనిఖీకి వెళ్ళాను. మూడున్నర బస్సు తప్పితే మళ్ళీ రాత్రికి గాని బస్సు లేదు. రాళ్ళు పెట్టి చూడకుండానే కాటాకి ముద్ర వేసేసి బస్సెక్కాను. పదిహేను రోజుల తరువాత ఒక ముసలమ్మ బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. ఇరవై కిలోలకి కిలో తక్కువ. వెంటనే వెళ్ళి కాటా పట్టుకున్నాను, కేసు రాశాను. కాని ఆ పదిహేను రోజుల్లో ఎన్ని కార్డులకి బియ్యం పోసి ఉంటారు? ముసలమ్మ నన్నేమీ అనలేదు. 'ముద్ర ఉంది గదా బాబూ, సరిగ్గానే ఉంటుందనుకున్నాం' అంది. అంతే."

అమ్మాయి నా వంక చూడలేదు. తెరవైపే చూస్తూ, "నాకోసమే గదా బస్సెక్కారు" అంది.

"ఎవరికోసమైతేనేం, ముద్ర నాది."

మరికాసేపటికి ఆమె కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. ఒక సంఖ్య కాదు, మూడు సంఖ్యలు. ఒక్కొక్కదాని పక్కన ఎక్కడ కోసిందో. కింద, తోకలు ఉన్నాయని, అవి ఎందుకు వస్తున్నాయో చూడవలసి ఉందని ఒక వాక్యం. రాయడం పూర్తయ్యాక, "మీ రాళ్ళని ఎవరు సరిచూసేవారు నాన్నగారూ?" అని అడిగింది. మా రాళ్ళకి పైన ద్వితీయ ప్రమాణాలు, వాటికి పైన మూల ప్రమాణాలు ఉంటాయని, ఏటా పట్టుకెళ్ళి పోల్చుకునేవాళ్ళమని చెప్పాను. "మాకు అంత సదుపాయం లేదు. ఒక సాధనం మాట ఇంకొక సాధనంతో పోల్చుకోవాలి, అన్నీ ఒకే మాట చెబితే నమ్మాలి" అంది.

మరునాడు సమావేశంలో ఏమయిందని అడిగాను. "ఇంకో పది రోజులు కొలవమన్నారు" అంది, విసుగు లేకుండా.

మిగిలిన రోజుల్లో ఎట్నా మీదికి వెళ్ళాం. నల్లటి బూడిద మీద పసుపుపూల పొదలు. పొద్దున్నే బాదం గ్రనీతా తిన్నాం. బాదంపాలని మంచు చేసి, మెత్తటి రొట్టెతో నంజుకుంటారు. ఆ రొట్టెలో ఆవకాయ పెట్టుకుని తిన్న మొదటి మనిషిని బహుశా నేనే. వెనక్కి రమ్మనే మాట మాత్రం ఎత్తలేదు. విమానాశ్రయంలో అమ్మాయే అడిగింది, "అమ్మ ఏదో అడగమని పంపిందిట గదా, అడగలేదేం?" అని. "కొలత మధ్యలో ఉండగా కాటా దగ్గర మనిషిని లేపకూడదే" అన్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడకి సంజాయిషీ చెప్పుకోవడం వేరే కథ. ఆ ప్రోటాను పెట్టె కాటానియా నుంచి లుండ్‌కు ప్రయాణం కట్టింది. 2018 నవంబరు 15న ఇటలీ అధ్యక్షుడు మత్తరెల్లా స్వయంగా అక్కడికి వెళ్ళి ప్రారంభించారు. మా అమ్మాయి కూడా దాని వెంటే చలిదేశానికి పోయింది. ఏడాదికొకసారి వస్తోంది, ఊరగాయ తూకం వేసి మరీ పట్టుకెళుతోంది.

వచ్చిన నెలకి నేను ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఆ పల్లెకి వెళ్ళాను. ముసలమ్మ పోయి చాలా కాలమైందట. డిపో ఉన్నచోట ఇప్పుడు కిరాణా కొట్టు. ఎలక్ట్రానిక్ కాటా, దాని మీద ఎవరో కుర్ర ఇన్‌స్పెక్టరు వేసిన ఆ ఏటి ముద్ర. కిలో పంచదార కొన్నాను. బస్టాండు దగ్గర ఇంకో కొట్లో మళ్ళీ తూయించాను. సరిగ్గా ఉంది.

ఇంట్లో ఇద్దరికీ షుగరు ఉండగా అంత పంచదార ఎందుకు తెచ్చారని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.